గుసల్‌ఖానాలో ఒక చిన్న రేవు

ఇల్లు కట్టడానికి పూనుకున్న ఏ కుటుంబాన్నయినా గమనించండి. ముఖద్వారానికి ఏ కలప వాడాలి, వంటగట్టు మీద ఏ రంగు గ్రానైటు పరచాలి అన్న చర్చలు నెలల తరబడి సాగుతాయి. స్నానాల గది వంతు వచ్చేసరికి, మిగిలిన జాగాలో ఎలాగో సర్దమని మేస్త్రీకి చెప్పి ఊరుకుంటాము. బట్టలు ఎక్కడ ఉతుక్కోవాలన్న ప్రశ్న అసలు తలెత్తనే తలెత్తదు. కొత్త ఇంట్లో దిగిన మరునాడు ఉదయం మాసిన బట్టల బకెట్టుతో ఇల్లాలు పెరట్లో నిలబడినప్పుడు గాని ఆ సంగతి ఎవరికీ గుర్తుకు రాదు.

పెదవేగిలో ఇల్లు కట్టుకున్నప్పుడు మేము చేసిన పొరపాటు సరిగ్గా ఇదే. నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు గల ఒకే గదిలో కమోడు, షవరు రెండూ బిగించాము. ఉతుకుడు బండను ఇంటి ముందు బోరు కుళాయి పక్కన వేయించాము. నీళ్ళు దగ్గర, పైపుల ఖర్చు కలిసి వస్తుందని అనుకున్నాము. ఆ బండ రోడ్డున పోయేవారందరికీ కనిపిస్తుందన్న ఆలోచన రాలేదు. ఫలితంగా మూడేళ్ళపాటు మా ఇంటి స్త్రీలు ఫజ్ర్ నమాజుకు ముందో, ఇషా తరువాతో, చీకట్లో బట్టలు ఉతికారు. ఎవరూ ఒక్క మాట అనలేదు. అననందువల్ల మాకూ తెలియలేదు. ఒక జనవరి తెల్లవారుజామున సబ్బు నీళ్ళ మీద కాలు జారి అమ్మ తుంటి ఎముక విరిగింది. ఆసుపత్రిలో ఆమె మంచం పక్కన కూర్చున్న రోజుల్లోనే, ఈ వ్యాసంలో రాస్తున్న విషయాలను మేము మొదటిసారిగా ఆలోచించాము.

మన తాతల కాలంలో ఈ ప్రశ్నకు సమాధానం ఊరి చెరువు దగ్గర ఉండేది. చాకిరేవులో రజక కుటుంబాలు మతభేదం లేకుండా ఊరందరి బట్టలూ ఉతికి, పంట చేతికొచ్చినప్పుడు గింజలు కొలిపించుకునేవారు. ఆ కుటుంబాల పిల్లలు చదువుకున్నారు, వేరే వృత్తులు చేపట్టారు. అది సంతోషించదగిన మార్పు. ఉతుకు పని మాత్రం ఎక్కడికీ పోలేదు. రేవు మన ఇంట్లోకి వచ్చింది గాని, ఇంటి ప్లానులోకి రాలేదు. ఆ భారమంతా ఇంటి ఆడవారి నడుము మీద పడింది.

మన పెద్దల వాడుకలో రెండు మాటలు వేర్వేరుగా ఉండేవి. స్నానం చేసే గది గుసల్‌ఖానా. కాలకృత్యాల గది బైతుల్‌ఖలా. రెండింటి మధ్య గోడ ఉండేది, చాలా ఇళ్ళలో పెరడంత దూరమే ఉండేది. 'బాత్రూము' అనే ఒక్క మాట వచ్చి ఆ రెండింటినీ కలిపేసింది. కలిపితే వచ్చిన ఇబ్బంది నమాజు చేసే ప్రతి ఇంటికీ తెలుసు. కమోడు పక్కన నిలబడి వుజూ చేస్తూ బిస్మిల్లాహ్ అనడానికి నోరు వెనుకాడుతుంది. ఉతికిన షల్వార్ మీద చుక్క పడితే అది కుళాయి నీరో మరొకటో తెలియక మనసు తొలిచేస్తుంది.

నమాజు నెరవేరాలంటే శరీరం, దుస్తులు, నిలబడే స్థలం ఈ మూడూ పరిశుద్ధంగా ఉండాలి. దివ్య ఖుర్ఆన్‌లో తొలినాళ్ళలోనే అవతరించిన అల్ ముద్దస్సిర్ సూరాలో దుస్తులను శుభ్రంగా ఉంచుకోవాలన్న ఆదేశం ఉన్నది. అందుచేత బట్టలు ఉతికే చోటు ఇంట్లో ఒక మూలకు నెట్టివేయదగిన విషయం కాదు. అది ఆరాధనకు ముందు మెట్టు.

స్నానం చేసే చోట మూత్ర విసర్జన చేయవద్దని దైవప్రవక్త (స) వారించినట్లు అబూ దావూద్, ఇబ్నె మాజా సంకలనాలలో హదీసు ఉన్నది. మనిషిని పీడించే వస్వసా, అంటే లేనిపోని సందేహాలు, ఎక్కువగా అక్కడి నుంచే పుడతాయని అందులో కారణం కూడా తెలుపబడింది. ఇబ్నె మాజా క్రీ.శ. 887లో మరణించిన పండితులు. ఆయన ఈ హదీసు కిందనే తమ గురువులలో ఒకరి వివరణను నమోదు చేశారు. నీరు నిలిచే మట్టి గుంటల వంటి స్నానపు చోట్లకు ఈ వారింపు వర్తిస్తుందనీ, గచ్చు చేసిన నేల మీద నీళ్ళు పోస్తే కొట్టుకుపోతుంది గనుక అక్కడ ఇబ్బంది లేదనీ దాని సారాంశం. పదకొండు వందల ఏళ్ళ నాటి ఈ మాటలో మా మేస్త్రీకి పనికివచ్చే సూత్రం దొరికింది. నీరు నిలవని నేల సందేహం మిగల్చని నేల.

కనుక మేము చేసిన మొదటి పని గోడ కట్టడం. పాత గదిని పెరటి వైపు పెంచి, మొత్తం అయిదున్నర అడుగుల వెడల్పు, పదకొండు అడుగుల పొడవు తీసుకున్నాము. అందులో ఒక కొసన మూడున్నర అడుగులు బైతుల్‌ఖలాకు విడిచి, దానికి వేరే తలుపు పెట్టాము. మిగిలిన ఏడడుగులూ గుసల్‌ఖానా, అందులోనే బట్టల రేవు.

గుసల్‌ఖానాలోకి అడుగుపెట్టగానే రెండున్నర అడుగుల పొడి భాగం. వాషింగ్ మిషన్ సుమారు రెండడుగుల చదరం ఆక్రమిస్తుంది. దాని పైన గోడకు సబ్బుల అర, పక్కన మాసిన బట్టల బుట్టలు రెండు. ఒకటి మామూలు బట్టలకు, రెండవది నజాసత్ అంటిన వాటికి, అంటే పసిపిల్లల బట్టలు, రోగి దుప్పట్లు వంటి వాటికి. రెండు బుట్టలు పెట్టుకోవడం ఖర్చు లేని పని. ఈ మార్పులన్నింటిలో మా ఇంటి స్త్రీలు ఎక్కువగా మెచ్చుకున్నది ఇదే. ఎదుటి గోడకు వుజూ కోసం కూర్చునే గట్టు, దాని ముందు కాళ్ళ దగ్గరకు నీళ్ళు జారే కుళాయి.

లోపలి నాలుగున్నర అడుగులు తడి భాగం. స్నానం అక్కడే. ఉతుకుడు బండ కూడా అక్కడే, కాని నేల మీద కాదు. రెండున్నర అడుగుల ఎత్తున కడప బండను గోడలోకి దిగేసి, మూడు వైపులా అంగుళం అంచు, నాలుగో వైపు వాటం పెట్టించాము. నిలబడి ఉతకవచ్చు. గొంతుకు కూర్చుని, ముందుకు వంగి దశాబ్దాలు ఉతికిన నడుములకు ఈ రెండున్నర అడుగుల విలువ తెలుస్తుంది. మేస్త్రీ మొదట నవ్వాడు. "బండ ఎక్కడైనా గాల్లో ఉంటుందా అండీ" అన్నాడు. పని పూర్తయ్యాక తమ ఇంటికి కొలతలు రాసుకు పోయాడు.

ఇంత జాగా అందరికీ ఉండదని మాకు తెలుసు. పేదలందరికీ ఇళ్ళు పథకం కింద మన రాష్ట్రంలో పల్లెల్లో ఇచ్చిన స్థలం సెంటున్నర, అనగా 72.6 చదరపు గజాలు. అటువంటి ఇంట్లో ఒకే గది తప్పనిసరి కావచ్చు. అప్పుడు కూడా అయిదడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల పొడవు దొరికితే చాలు. కమోడును తలుపుకు దూరంగా చివర పెట్టి, దానికీ స్నానపు చోటుకూ మధ్య ఛాతీ ఎత్తు వరకు అడ్డుగోడ లేపి, నేల మీద చిన్న గట్టు కట్టి, రెండు వైపులా రెండు వేర్వేరు నీటి తూములు ఇవ్వాలి. అటు నీరు ఇటు పారకూడదు. గోడ పూర్తిగా కట్టలేకపోయినా నీటిని విడదీయడం మాత్రం సాధ్యమే.

వాటం గురించి కొంచెం ఆగి చెప్పాలి. తప్పులన్నీ ఇక్కడే జరుగుతాయి. ప్రతి మీటరుకు కనీసం ఒక సెంటీమీటరు, వీలైతే ఒకటిన్నర, నహాని ట్రాపు వైపు పల్లం ఉండాలి. ('నహాని' అన్న ఈ తాపీపని మాట మన ఉర్దూ 'నహానా', అంటే స్నానం చేయడం, అన్న మాటకు దగ్గరిదే.) పొడి భాగం తడి భాగం కన్నా ఒక అంగుళం ఎత్తున ఉంటే స్నానపు నీళ్ళు మిషన్ కాళ్ళ కిందకు చేరవు. మా పాత గదిలో వాటం తలుపు వైపు ఉండేది. స్నానం చేసిన ప్రతిసారీ నీళ్ళు వసారాలోకి వచ్చేవి, జానమాజ్ పరిచే చోటు దాకా. ఈసారి టైల్స్ అతికించక ముందే గచ్చు మీద నీళ్ళు కట్టి రెండు రోజులు ఉంచాము. గోడల్లోకి చెమ్మ దిగలేదని చూసుకున్నాము. టైల్స్ పరిచాక పిల్లల గోళీ ఒకటి నేల మీద వదిలి చూశాము. అది ఏ మూల నుంచి వదిలినా ట్రాపు దగ్గరకే దొర్లితే వాటం సరిగా ఉన్నట్లు. ఒక మూల ఆగిపోయింది. ఆ రెండు పలకలూ తీయించి మళ్ళీ వేయించాము. టైల్స్ నున్నగా మెరిసేవి కాక గరుకువి ఎంచుకోవాలని వేరే చెప్పనక్కరలేదు.

మిషన్ వదిలే నీరు స్నానపు నీటిలా నెమ్మదిగా రాదు. కొద్ది నిమిషాల్లో పదుల లీటర్లు ఒక్కసారిగా తోసుకొస్తాయి. ఆ గొట్టాన్ని నేల మీది నహాని ట్రాపులో పడేస్తే నురగ పొంగి గదంతా పరుచుకుంటుంది. నజాసత్ కడిగిన నీరు స్నానం చేసే చోటంతా తిరుగుతుంది. దానికి గోడలో వేరే పైపు పెట్టి నేరుగా బయటి గల్లీ ట్రాపుకు కలపాలి. ఇంకొక జాగ్రత్త కూడా ఉన్నది. ఉతుకు నీటిని మరుగుదొడ్డి గుంతలోకి గాని, సెప్టిక్ ట్యాంకులోకి గాని పంపకూడదు. అంత నీరు, అంత సబ్బు చేరితే గుంత త్వరగా నిండుతుంది, మలాన్ని కుళ్ళబెట్టే సూక్ష్మజీవుల పనీ దెబ్బతింటుంది.

మరి ఆ నీరు ఎక్కడికి పోవాలి? ఇందులో పెదవేగి మెట్ట, కొల్లేటి పల్లం ఒకటి కావు. మా ఎర్ర నేలలో మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు లోతున ఇంకుడు గుంత తవ్వి రాళ్ళు నింపితే ఒక కుటుంబపు ఉతుకు నీరు ఇంకిపోతుంది. గుంత బోరుకు పది మీటర్ల దూరంలో ఉంటే మంచిది. కొల్లేటి లంకల్లో, డెల్టా నల్లరేగడిలో ఈ సలహా పనికిరాదు. అక్కడ కొద్ది లోతులోనే నీరు తగులుతుంది. బంక నేల నీటిని పీల్చదు. అక్కడివారు మురుగు కాలువకు కలపడమో, ఎత్తు చేసిన మడిలో అరటి, మెట్టతామర వంటివి పెంచి నీటిని అటు మళ్ళించడమో చేయవలసి ఉంటుంది.

బోరు నీటిలో సబ్బు నురగ రాకపోతే అది కఠిన జలమని అర్థం. తాగునీటికి భారతీయ ప్రమాణాల సంస్థ లీటరుకు 200 మిల్లీగ్రాముల కఠినతను మేలైన హద్దుగా, వేరే ఆధారం లేనప్పుడు 600 వరకు ఓర్చుకోదగిన హద్దుగా నిర్ణయించింది. ఉతుకుకు అంత పట్టింపు లేదు గాని, కఠినత ఎక్కువైతే సబ్బు తెల్లని జిడ్డుగా మారి బట్టల్లో ఉండిపోతుంది. నల్ల బురఖాల మీద కనిపించే బూడిద రంగు చారలు తరచుగా అవే. నూనె నుంచి తయారైన సబ్బుకు ఈ బలహీనత ఉన్నది, డిటర్జెంటుకు తక్కువ. ఆయిల్‌పామ్ పరిశోధనకు జాతీయ కేంద్రం 1995లో మా పెదవేగిలోనే ఏర్పడింది. ఆ పామాయిలు సబ్బుల తయారీకీ వెళుతుంది. నూనె మా నేలదే, దాన్ని నురగ రానివ్వని నీళ్ళూ మా నేలవేనని ఇంట్లో నవ్వుకుంటాము.

నీటి కొలత సంగతి మాత్రం నవ్వులాట కాదు. దైవప్రవక్త (స) ఒక 'ముద్' నీటితో వుజూ, ఒక 'సా' నుంచి అయిదు ముద్‌ల వరకు నీటితో గుస్ల్ చేసేవారని హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించిన హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉన్నది. ముద్ అంటే సుమారు ముప్పావు లీటరు, సా అంటే సుమారు మూడు లీటర్లు. పైనుంచి వేసే మిషన్ ఒక్క ఉతుకుకు వంద లీటర్లు దాటి తాగుతుంది. ముందు తలుపు మిషన్ అందులో సగంతో సరిపెడుతుంది గాని ధర ఎక్కువ. మేము పాత మిషన్‌నే ఉంచుకొని, చివరి జాడింపు నీటిని ఒక డ్రమ్ములో పట్టి బైతుల్‌ఖలా కడగడానికి వాడుతున్నాము. మిషన్ కొనేముందు ట్యాంకు ఎత్తు కూడా చూసుకోండి. పది మీటర్ల ఎత్తు నీటి ఒత్తిడి ఒక బారు. మిషన్‌తో వచ్చే పుస్తకంలో 0.3 బారు కావాలని ఉంటే, కుళాయి నుంచి ట్యాంకు కనీసం మూడు మీటర్ల ఎత్తున ఉండాలని లెక్క.

మిషన్‌లో బట్టలు పరిశుద్ధమవుతాయా అని చాలామంది సోదరీమణులు సందేహపడతారు. కంటికి కనిపించే మాలిన్యాన్ని ముందుగా కుళాయి కింద పోగొట్టి, ఆపై మిషన్‌లో వేసి, కొత్త నీటితో మూడుసార్లు జాడించి పిండే అమరిక పెట్టుకుంటే హనఫీ పద్ధతి ప్రకారం కూడా సందేహానికి తావుండదు. ఎత్తు బండ పక్కన ఒక చేతి కుళాయి ఉంటే ఈ మొదటి కడుగు సులభం. రక్తపు మరకకు చల్లని నీరే వాడాలి, వేడి నీరు మరకను గట్టిపరుస్తుంది. నెలసరి రక్తం తగిలిన వస్త్రాన్ని ఎలా శుభ్రపరచాలో ఒక స్త్రీ నేరుగా దైవప్రవక్త (స)ను అడిగిన సంగతి హజ్రత్ అస్మా (రజి) ఉల్లేఖనంలో ఉన్నది. గీకి, నీటితో రుద్ది, కడిగి అదే వస్త్రంతో నమాజు చేయవచ్చని ఆయన బోధించారు. అడగడానికి ఆమె సిగ్గుపడలేదు, చెప్పడానికి ఆయన సంకోచించలేదు. మన ఇళ్ళలో మాత్రం ఆ బట్టలను చీకటి మూలల్లో, మంచాల కింద ఆరబెడతారు. చెమ్మ బట్ట వల్ల వచ్చే జబ్బులు వైద్యురాలి దగ్గర కూడా చెప్పుకోరు. ఎండ తగిలి, ఎవరి కంటా పడని ఒక దండెం ఇంటికి ఉండి తీరాలి.

మేము పెరటి వైపు గోడను ఆరడుగుల ఎత్తు వరకు సిమెంటు జాలీతో కట్టించి, దాని వెనుక మూడు దండేలు కట్టాము. గాలి, ఎండ వస్తాయి. బయటివారి చూపు రాదు. గుసల్‌ఖానా నుంచి అటు నేరుగా రెండవ తలుపు ఉన్నది గనుక తడి బట్టలు పట్టుకొని హాలు మీదుగా నడవనక్కరలేదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాను ముసుర్లలో మాత్రం పొడి భాగం పైకప్పుకు కట్టిన దండెమే గతి. అందుకే ఎత్తున పెద్ద వెంటిలేటరు, ఒక ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టించాము. గాలి ఆడని గదిలో ఆరేస్తే బట్టకూ గోడకూ కూడా బూజు పడుతుంది.

కరెంటు విషయంలో బేరం వద్దు. మిషన్ సాకెట్ స్నానం చేసే చేతికి అందనంత దూరాన, నేలకు నాలుగడుగుల పైన ఉండాలి. సరైన ఎర్తింగు, మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరి. తడి కాళ్ళతో ప్లగ్గు ముట్టుకోవద్దని పిల్లలకు చెప్పడం చాలదు.

కమోడు దిక్కు సంగతి ప్లంబరు గొట్టాలు పరచక ముందే తేల్చుకోవాలి. కాలకృత్య సమయంలో ఖిబ్లాకు ముఖం గాని వీపు గాని పెట్టవద్దన్న హదీసును ఉల్లేఖించిన హజ్రత్ అబూ అయ్యూబ్ అన్సారీ (రజి), సిరియాకు వెళ్ళినప్పుడు అక్కడి మరుగుదొడ్లు ఖిబ్లా వైపు కట్టి ఉండటం చూసి, పక్కకు తిరిగి కూర్చుని అల్లాహ్‌ను క్షమాపణ వేడుకునేవారమని చెప్పారు. నాలుగు గోడల మధ్య దీనికి సడలింపు ఉన్నదని కొందరు ఇమాములు భావించారు, హనఫీ పండితులు అంగీకరించలేదు. పెదవేగి నుంచి ఖిబ్లా నేరు పడమర కాదు, పడమరకు సుమారు 13 డిగ్రీలు ఉత్తరంగా ఉంటుంది. కమోడు ఉత్తరానికో దక్షిణానికో తిరిగి ఉంటే చిక్కు లేదు. మొదటిసారి కట్టినప్పుడు మేస్త్రీ చెప్పిన వాస్తు దిక్కులన్నీ తలూపుతూ విని, ఖిబ్లా మాట అడగడం మరిచిపోయాము. రెండవసారి నేల పగలగొట్టించిన ఖర్చులో అది కూడా చేరింది.

అమ్మ నడక చట్రంతో ఇంటికి వచ్చిన రోజు మరొకటి తెలిసింది. తలుపు వెడల్పు రెండడుగులే అయితే చట్రం లోపలికి పట్టదు. కొత్త తలుపు మూడడుగులు పెట్టించాము. చక్రాల కుర్చీ కూడా వస్తుంది. గుమ్మం దగ్గర గట్టుకు బదులు ఏటవాలు ఇచ్చాము. వుజూ గట్టు పక్కన, కమోడు పక్కన గోడకు గట్టి స్టీలు పట్టీలు బిగించాము. ఇంకొక మాట అమ్మే స్వయంగా అన్నది. ఇరుకు ఇళ్ళలో మయ్యిత్‌కు గుస్ల్ ఇవ్వడానికి చోటు లేక వీధిలో దుప్పట్లు అడ్డుపెట్టడం ఆమె చూసింది. "ఏడడుగుల పొడవు ఉంచండి, తఖ్తా పడుతుంది" అన్నది. మేము మాట్లాడలేకపోయాము. కొలత మాత్రం అలాగే ఉంచాము.

దైవప్రవక్త (స) ఇంట్లో ఏమి చేసేవారని అడిగినప్పుడు, ఇంటివారి పనుల్లో ఉండేవారని, నమాజు వేళ కాగానే బయలుదేరేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. మా ఇంట్లో ఇప్పుడు ఆదివారం ఉతుకు మగవారిది. బండ రోడ్డు మీద ఉన్నన్నాళ్ళూ ఆ మాట ఎవరికీ తట్టలేదు. అమ్మ వుజూ గట్టు మీద కూర్చుని చూస్తుంది. చొక్కాను రెండుసార్లు దులిపి, కాలరు కిందికి వచ్చేలా ఆరేయాలట. మేము ఇంకా కాలరు పైకే వేస్తున్నామని ప్రతి వారమూ చెబుతున్నది.